కాగితం దాటిన గీత

హబ్సిగూడలో ఇనుము లేని గది ఒకటుండేది.
తలుపు బందులు కూడా ఇత్తడివే.
వజీర్ సాబ్ రోజూ పొద్దున
తాళాల గుత్తి, గడియారం, బెల్టు
గడప బయట స్టూలు మీద పెట్టి,
జారే ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని
చీకట్లో ఫొటో కాగితం మార్చేవాడట.

దారానికి వేలాడే అయస్కాంతం,
దాని నుదుట బొట్టంత అద్దం,
అద్దం మీంచి ఒక వెలుగు చుక్క.
భూమి రోజంతా ఏమనుకుందో
ఒకే గీతలో రాసేది.

ఆ కాగితాలిప్పుడు నా స్కానరు కింద.
చాలా రోజులు ఏమీ లేదు.
ఏమీ లేదన్నది కూడా
గంటగంటకూ కొలిచి రాయాలి.
అప్పుడప్పుడు సూర్యుడు దగ్గుతాడు,
గీత గుంటలో కాలు పడ్డట్టు దిగి
రెండ్రోజులకి మెల్లగా లేస్తుంది.

నాకు కావలసినవి పెద్ద తుఫానులు.
అవే లేవు.
ఒక మార్చి రాత్రి గీత కిందికి, ఇంకా కిందికి పోయి
అంచు దాటేసింది.
తర్వాతంతా తెలుపు.
మార్జిన్‌లో పెన్సిలు రాత:
"హద్దు దాటింది. నేను మేలుకునే ఉన్నాను."

మూసీ ఎంత వచ్చిందవ్వా అని అడిగితే
మా ముత్తవ్వ అనేదట,
కొలిచే రాయి కొట్టుకపోయినంత.

పద్దెనిమిదివందల యాభైతొమ్మిది నాటిది,
టెలిగ్రాఫు తీగలు నిప్పులు కక్కినంతటిది,
మళ్లీ ఎప్పుడు?
ఒక్క గల్లీలో పొడుగువాళ్లను చూసి
ఊరందరికీ గుమ్మం ఎత్తు చెప్పడం లాంటి పని.
వక్రరేఖ తోక పట్టుకుని లాగాను.
వచ్చే పదేళ్లలో, నూటికి నాలుగు.
ఒక్క తుఫాను తీసేసి లాగితే ఒకటిన్నర.
ఆ తెల్లకాగితాన్ని కలిపితే తొమ్మిది.
ఒక్క రాత్రికి ఇంత బరువు.

కరెంటాఫీసు నుంచి ఫోను:
"వస్తదా రాదా మేడమ్?"
నూటికి నాలుగు.
"అంటే రాదన్నట్టేగా" అని పెట్టేశాడు,
కాలిపోతే కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కి
ఏడాది ఆగాలని నేననేలోపే.

ఇప్పుడు మెట్రో పోయినప్పుడల్లా
సూది ఉలిక్కిపడుతుంది.
సూర్యుడా, నాగోల్ బండా?
అదీ తేల్చాలి.

రిపోర్టులో నాలుగు అని వేసి
పక్కన, ఒకటి నుంచి పదమూడు, అని రాశాను.
టైపు చేసే దస్తగిరి తల గీరుకున్నాడు,
"ఇంత వెడల్పా?"

అంతే తెలుసు, అన్నాను.