అడుగు తొమ్మిదంగుళాలు

పామూరు రోడ్డు లేఅవుటులో
పద్నాలుగో ప్లాటుకీ పదిహేనో ప్లాటుకీ మధ్య గీత
నేను గీసిందే.
ముప్పై ఏళ్ళ కిందట, ట్రేసింగు గుడ్డ మీద,
చెమట చుక్క పడకుండా
మోచేతి కింద జేబురుమాలు పరుచుకుని.

కాగితమ్మీద అది వెంట్రుక మందం.
నేల మీద
కాలేషా మెట్లు దాన్ని దాటి
చెంచులమ్మ వైపు అడుగు తొమ్మిదంగుళాలు పోయాయి.
తగాదా లేదు.
"ఎక్కేది మనుషులే గదా, ఎక్కనీ" అందామె.
బదులుగా పెరటివైపు అంతే మేర,
ఆమె బర్రెకి కుడితి తొట్టి పెట్టుకునే చోటు, వదిలాడతను.
నా బల్ల దగ్గరికి ఇద్దరూ
ఒకే ఆటోలో వచ్చారు.

ఆ గీత కాస్త జరపండి సారూ, అన్నారు.

కాస్త.
ఆ మాటకి మా ఆఫీసులో రిజిస్టరు లేదు.
కొత్త లేఅవుటుకి ఎన్ని సంతకాలో
పాత గీత కదలడానికీ అన్నే.
చైన్‌మ్యాన్ మాలకొండయ్య రెండుసార్లు పోయి కొలిచొచ్చాడు,
రెండోసారి చెంచులమ్మ మజ్జిగ పోసింది.
ఫైలు కమిషనరు గదికి పోయింది,
కౌన్సిలు అజెండాలో ముప్పై ఒకటో అంశమై
ముప్పయ్యో అంశం దగ్గర కుర్చీలు లేచినందుకు
వాయిదా పడింది,
మళ్ళీ లేచి ఒంగోలు పోయింది.

సరిగ్గా అప్పుడే మా ఊరే జిల్లా మారింది.
నిద్రలేచి చూస్తే కందుకూరు నెల్లూరులో ఉంది.
బస్టాండుతో, పొగాకు బ్యారన్లతో,
పొలాల్లో మేస్తున్న గొర్రెలతో సహా
ఊరంతా అటు జరిగింది.
కాలేషా మెట్లు మాత్రం జరగలేదు.

ఫైలు నెల్లూరు బస్సెక్కింది.
అక్కడి కుర్రాడొకడు ఫోన్ చేశాడు:
"గజాల్లో రాశారేంది, అంకణాల్లో ఎంత?"
ఏడు గజాలు, నాయనా.
అంకణానికి రెండు వీసాలు తక్కువ.
నవ్వి పెట్టేశాడు.

పదహారు నెలలు.
బ్యాంకువాళ్ళు లోను ఇవ్వలేదు.
పైగదికని లేపిన చువ్వలు
గోడ మీద ఎర్రగా తుప్పు కార్చాయి.
వాటికి తాడు కట్టి
చెంచులమ్మ చీరలు ఆరేసుకుంది.

మొన్న కాగితం వచ్చింది.
ఇరువైపులా సమ్మతమైతే,
కొత్త ప్లాటు పుట్టకపోతే, రోడ్డు సన్నబడకపోతే
ఎక్కడికీ పోనక్కర్లేదు. ఈ బల్ల చాలు,
పదిహేను రోజులు చాలు.
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను.
ఇంత చిన్న మాట రాయడానికి
ఇన్నేళ్ళు ఎవరి చెయ్యి నొప్పెట్టిందో.

మధ్యాహ్నం ఇంకొకతను వచ్చాడు.
ఇస్త్రీ చొక్కా, వేలికి పగడం.
"పార్కు స్థలం సార్, ఎవరూ ఆడటం లేదు.
ఆ వాగు మూలకి కాస్త జరిపితే..."
అదే మాట. కాస్త.
స్కేలు పెట్టి చూశాను.
ఆ కాస్తలో అయిదు ప్లాట్లున్నాయి.
"కొత్త ఆర్డరు వచ్చిందంట గదా?"
వచ్చింది, అన్నాను. మెట్లకి.

అతను పోయాక షీటు విప్పాను.
గుడ్డ మీది ఇంకు బ్లేడుతో గీకాలంటే
చెయ్యి తేలిగ్గా ఉండాలి.
కోపమ్మీద గీకితే చిరుగుతుంది.
కాసేపు ఆగి, మంచినీళ్ళు తాగి
ముందు సగం ఇటు, వెనక సగం అటు
నా గీతని నేనే జరిపాను.

చెంచులమ్మ వేలిముద్ర వేసి
బొటనవేలు చీర చెంగుకి తుడుచుకుని వంగి చూసింది.
"ఇంతేనా సామీ? దీనికా?"
కాలేషా ఏమీ అనలేదు.
"నా తొట్టి యాడుంది ఇందులో?"

మ్యాపుల్లో తొట్టికి గుర్తు లేదమ్మా, అన్నాను.

వాళ్ళు మెట్లు దిగిపోయాక
పదిహేనో ప్లాటు పెరట్లో
పెన్సిలుతో, ఎవరికీ కనపడనంత పల్చగా,
ఒక చిన్న సున్నా చుట్టాను.