ముప్పై ఏడో పెట్టె

ఓక్ చెట్ల కింద తెల్ల గుడ్డలు పరుస్తుంది రూల్ఫీన్.
సైకిళ్ళ మీద పోయేవాళ్ళు
వనభోజనమా అని అడుగుతారు.
ఆమె తూచేది పురుగుల పెంట.
కొమ్మల్లో ఎన్ని పచ్చపురుగులు మేస్తున్నాయో
ఎక్కి లెక్కపెట్టనక్కర్లేదు,
గుడ్డ మీద రాలిన నల్ల ఆవగింజలు చెబుతాయి.
చెవి ఒగ్గితే వినబడుతుంది కూడా,
ఎండ కాస్తుండగానే సన్నటి తుంపర.

డ్రెంతె అడవిలో తొంభై రెండు గూటిపెట్టెలు.
నిచ్చెన మోసేది యెల్లె, పదహారేళ్ళవాడు.
బడిలో కిటికీ పగలగొట్టి శిక్షగా వచ్చాడు,
శిక్ష అయిపోయిందని ఎవరూ చెప్పలేదో
చెప్పినా వినలేదో.

పాత పుస్తకంలో,
ఆమె చేతిరాత ఇంకా గుండ్రంగా ఉన్న రోజుల్లో,
ఈ తుంపర మే నెలాఖరుకి జోరందుకునేది.
ఇప్పుడు మే సగమైనా కాకుండానే
గింజలు పలచబడుతున్నాయి.
ఆకు ముందే విప్పుకుంది,
పురుగు ముందే గుడ్డు చీల్చుకుంది,
రెండూ వెచ్చదనం మాట విన్నాయి.

ఈగపట్టు పిట్టకి ఆ కబురు ఎవరు చేరవేస్తారు?
అది ఘనాలో ఏ జీడితోట అంచునో ఉంది.
అక్కడ దానికున్న పంచాంగం పగటి పొడవొక్కటే.
సూర్యుడు అబద్ధమాడలేదు,
దాని ముత్తాతలకి చెప్పిందే దానికీ చెప్పాడు.
పన్నెండు గ్రాముల ఒళ్ళు
ఇసుక దాటింది, సముద్రం దాటింది,
చెప్పిన రోజుకి వచ్చి వాలింది.
విస్తళ్ళు ఎత్తేస్తున్న వేళకి.

కొన్ని నేర్చుకుంటున్నాయి, అంటుంది రూల్ఫీన్,
నాలుగు రోజులు, అయిదు రోజులు ముందు.
అయిదు చాలదు, అని తనే అంటుంది మళ్ళీ.

ముప్పై ఏడో పెట్టె మూత తీశాడు యెల్లె.
తొమ్మిది నోళ్ళు తెరుచుకున్నాయి.
అడవి వదిలి ఎక్కడికీ పోని పసుపురొమ్ము పిట్టవి,
చలికాలం మెత్తబడి ఈసారి ఎక్కువ మిగిలాయి అవి.
నాచు పరుపు ఓ మూల ఎత్తుగా ఉంది.
వేలు పెట్టి కదిపితే నలుపు తెలుపు ఈకలు.
తల వెనక చిన్న చిల్లు.
ఇల్లు వెతుక్కుంటూ దూరింది,
ఇంటివాళ్ళు ఊరుకోలేదు,
దాని మీదే పక్క వేసుకున్నారు.

ఎండి, తేలికైపోయి, అరచేతిలో
ఉత్త కాగితంలా ఉంది.
కాలికి ఉంగరం.
కళ్ళజోడు తుడుచుకుని అంకెలు చదివింది రూల్ఫీన్,
రెండోసారి చదవలేదు.
నిరుడు జూన్‌లో తన చేత్తో తొడిగిందే.

"ఏ గడిలో రాయాలి?" అన్నాడు యెల్లె.
గుడ్లకో గడి ఉంది, పిల్లలకో గడి, ఎగిరిపోయినవాటికో గడి.
ఆమె గుడ్డ దులుపుతోంది, వినబడనట్టు.
వాడు పెన్సిల్ చివర కొరికి కొరికి
తేదీ ఉండాల్సిన చోట రాశాడు:
వేళకే వచ్చింది.

అక్కడ అంకెలే ఉండాలి.
ఆమె రబ్బరు తీసింది,
జేబులో పెట్టుకుంది.
నిచ్చెన భుజానికెత్తుకుని వాడు
అప్పటికే ముప్పై ఎనిమిది వైపు నడుస్తున్నాడు.