మొదటి అక్షరం

తాతయ్య పోయాక వాటాల్లో
కాఫీ తోట అన్నయ్యకి, కోళ్ల షెడ్లు పిన్నికి,
నాకు పాత దుప్పట్లో చుట్టిన ఒక బరువు.

బాస్తోస్ ఊళ్లో దాని కథ అందరికీ తెలుసు.
కోబే రేవులో ఓడెక్కిందని,
మా భాష మాట్లాడితేనే పట్టుకెళ్లిన యుద్ధం రోజుల్లో
పట్టుపురుగుల షెడ్డు కింద మూడేళ్లు పడుకుందని.
పోలీసులు బియ్యపు డబ్బా కూడా బోర్లించారట.
పైన పురుగులు ఆకులు నమిలే చప్పుడే
దాన్ని కాపాడిందనేవాడు తాతయ్య.
ఆయన చెప్పినదాంట్లో సగం నమ్మాలి.

నా చేతికొచ్చేలోపే వాగ్నెర్ అన్నయ్య
గిన్నెలు తోమే స్టీలు పీచుతో
జానెడు మేర తళతళలాడించాడు.
మంచే చేశాననుకున్నాడు.
తోట గట్టు దగ్గర తెగిన మాటలు
ఆ రోజుతో పూర్తిగా తెగాయి.

రాత్రంతా బస్సులో, ఒళ్లో కత్తితో,
మోజీలో వాచీలు బాగుచేసే మినగావా దగ్గరికి.
ఆయన ముందు చేతులు కడుక్కున్నాడు.
అగ్గిపుల్లకి అన్నలాంటి వెదురు చీలని
చిన్న సుత్తితో బయటికి తట్టాడు.
"ఇంత కత్తినీ పిడిలో నిలిపేది ఇదే.
ఇది పుచ్చితే ఊపినవాడి ముందు నిలబడకు."
కత్తిని నిటారుగా పట్టి
తన మణికట్టు మీద తనే పిడికిలితో గుద్దుకున్నాడు.
పిడి వదులైంది.

లోపలి ఇనుము మాడిన కాఫీ గింజ రంగు.
"ఈ తుప్పే దాని వయసు చెప్తుంది.
దీని జోలికి మాత్రం పోకు."
టార్చి వాల్చి, కళ్లద్దాలు నుదుటికి ఎత్తి
పదును వెంట పాలపొగలా నడిచే గీతని చూస్తూ
అన్నయ్య జానెడు దగ్గర ఆగిపోయాడు.
"ఎవరు?"
"మా అన్న."
"బతికే ఉన్నాడా?"

సంతకం ఒక్క అక్షరమే ఉంది.
ఎప్పుడో ఎవరికో పొడుగెక్కువై అడుగు కోయించుకున్నారు,
మిగతా పేరు ఆ ముక్కతో పోయింది.
"కుని. అంటే దేశం.
ఈ అక్షరంతో మొదలయ్యే కమ్మరులు వందలమంది."
"ఏ దేశం?" అన్నాను.
ఆయన నవ్వలేదు.

మందుల షాపులో పంటి నొప్పికి అమ్మే
లవంగ నూనె కొన్నందుకు తిట్లు తిన్నాను.
పలచని నూనె చిన్న సీసాలో ఆయనే పోసిచ్చాడు.
పాత నూనె మెత్తటి కాగితంతో తుడువు,
పొడి మూటతో ఉత్తుత్తినే తట్టు,
కొత్త నూనె, ఉందా లేదా అన్నంత.
పడుకోబెట్టేటప్పుడు పదును పైకి.
వేలు తగలనీయకు.
కత్తి మీద మాట్లాడకు, ఉమ్మి తుంపర చాలు.

ఈ ఆదివారం వాగ్నెర్ వచ్చాడు,
పిలవకుండానే, చెప్పులు గడప బయట విడిచి.
వంటింటి బల్ల మీద కత్తి విప్పి ఉంది.
ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.
నోరు తెరవబోయాడు.
పెదాల మీద వేలుపెట్టి
నూనె సీసా మూత తియ్యమని సైగ చేశాను.
తీశాడు.
గదంతా లవంగాల వాసన.
తను తోమిన చోటికి కాగితం రాగానే
తల పక్కకి తిప్పుకుని ఊపిరి బిగపట్టాడు.