తిప్పి పెట్టిన రాయి

వారంల ఆరు దినాలు కొండను పగలగొట్టి
జుమ్మా నాడు ఇంకో కొండను వెతుక్కుంట పోతం.
ఖోర్ ఖ్వేర్ క్రషర్ దుమ్ము
ఇంకా చెవులల్లనే ఉంటది.

నేర్పింది జోసెలిన్,
క్వారీ ల్యాబుల రాతిపొడి తూకమేసే పిల్ల.
ఎవరో ఒక డబ్బా దాస్తరట, దాని అంకెలు చెప్తరట,
దొరికితే పేరు రాసి మళ్ల ఆడనే పెట్టాల్నట.
"మరి దొరికినోనికి ఏమిస్తరు?" అన్న.
"ఏమియ్యరు" అని నవ్వింది.
ఏమియ్యని పనికి నిద్ర చెడగొట్టుకునుడు
నా బతుకుల గదే మొదలు.

అంకెలు నాకు కొత్తగాదు.
బతాక నంబరు, బెడ్డు నంబరు, బస్సు నంబరు,
హెల్మెట్ మీద తెల్లరంగు నాలుగంకెలు.
అన్నీ నేనేడున్ననో ఇంకొకలకు చెప్పేటియే.
ఇవి మాత్రం
నువ్వు రా, అని నాకే చెప్పినయి.

మొదటిసారి మబ్బు చూసి మర్లినం.
వాదిల వాన అంటే నీళ్లు కాదు, లారీలంత బండలు.
రెండోసారి మూడు గంటలు దేవులాడి
ఖాళీ చేతులతోని, ఖాళీ సీసలతోని దిగినం.
మూడోసారి తెల్లారకముందే గలీలా వాదిల పడ్డం.
డంపర్ నడిపే గుల్ జమాన్ మోకాళ్లు నొస్తయంటనే
మేక లెక్క ముందల ఎక్కిండు.
ఒక్కకాడ తొవ్వ పాదమంత.
ఎడమ దిక్కు గోడ, కుడి దిక్కు గాలి.
ఆయన తలపాగ విప్పి కిందికి జారవిడిస్తే
జోసెలిన్ దాన్ని పట్టుకొని
కండ్లు మూసుకొని దాటింది.

పైన ఎన్నడో విడిచిపెట్టిన రాతి ఇండ్లు.
ఫోన్ల ముల్లు పిచ్చిలేసినట్టు
ఇరవై మీటర్లు అటు దుంకుతది, ఇటు దుంకుతది.
గోడ గోడకూ తాకి సిగ్నలు దారి తప్పింది.

అప్పుడు ఫోను జేబుల వేసుకున్న.
ఒడ్డెరోళ్ల పిలగాణ్ణి నేను.
మా తాత సుత్తె ఎత్తకముందు
రాయికి చెవి పెట్టి వినేటోడు.
ఎండ చూసిన మొకం మాడిన గంజు లెక్క నల్లగైతది,
నేల చూసిన పక్క తెల్లగనే ఉంటది.
కూలిన గోడకాడ వేల రాళ్లల్ల
ఒక్కటే ఒక్క రాయి
తెల్ల కడుపు మీదికి పెట్టుకొని పండుకున్నది.
మనిషి చెయ్యి పడనిది
రాయి అట్ల ఎల్లెల్కల తిరగదు.

కింద ఆకుపచ్చ ఇనుప డబ్బా.
లోపల ప్లాస్టిక్ ఒంటె, తెలియని దేశపు పైస,
ఒక జడపిన్ను, ఒక నోటుబుక్కు.
తొమ్మిదేండ్ల పేర్లు, ఎన్నో లిపులల్ల.
"నేడు నా విడాకులైనయి, గాలి బాగున్నది"
అని ఎవరో రాసింది జోసెలిన్ చదివింది.
ఆఖరి పేజీ అంచుదాక నిండింది. జాగ లేదు.

"ఇంత దూరమొచ్చినా హాజరీ పడకపాయె"
గుల్ జమాన్ గొణిగిండు.

రొట్టెలు చుట్టుకొచ్చిన కాయితాలు యాదికొచ్చినయి.
క్యాంపు ఆఫీసుల పారేసిన ఖాళీ టైంషీట్లు.
నూనె మరకలు తుడిచి, మడతలేసి
బూటు తాడుతోని బుక్కుకు కట్టిన.
తేది. లోపలికి. బయటికి. ఓవర్ టైం. సంతకం.
ఇగ మీద రాబోయే దొరలు, పైలట్లు, ఎవరైనా సరే
ఈ గడులల్లనే పడాలె.

మొదటి వరుసల: వల్లెపు దుర్గయ్య, రాయికల్.
లోపలికి, తొమ్మిది నలభై.
జోసెలిన్ ఓవర్ టైం గడిల ఒక పువ్వు గీసింది.
గుల్ జమాన్ బొటనేలుకు పెన్ను రాసుకొని
జీతం నాడు ఒత్తినట్టు కాదు,
నెమ్మదిగ, పిల్లగాని నుదుట బొట్టు పెట్టినట్టు ఒత్తిండు.
నేను అరిగిన డ్రిల్లు మొన ఒకటి డబ్బాల వేసిన.
తీసుకునుడు ఏం తీసుకోలే.

రాయి పెట్టేటప్పుడు జరంత ఆగిన.
నల్ల మొకం మీదికి పెడితే ఎవ్వలికీ దొరకదు.
తెల్లగనే పెట్టిన.

దిగినంక యాదికొచ్చింది,
"బయటికి" గడి నింపనే లేదు.

శనివారం సైరన్ మోగింది, పేలింది, దుమ్ము లేసింది.
దుమ్ము దిగినంక బెంచి మీద నిలబడి
చెయ్యి చాపి వేళ్లతోని కొలిచిన.
ఆ ఇండ్లదాక
ఇంకా పదకొండు కొండలున్నయి.