లోతు

ప్రిచర్డ్ అనెటందుకు మావోళ్లకు నోరు తిరగలే.
పిచ్చయ్య దొర అన్నరు.
ఆయన గూడ ఆ పేరుకే పలికిండు.

రాణి సంఘం పాదిరి, యుద్ధపు ఓడల మీద పందొమ్మిదేండ్లు.
ఓడల అందరికి భుజాల మీద పట్టీలుంటయట,
పాదిరికి మాత్రం హోదా లేదట.
ఎవనితోని మాట్లాడుతుంటె ఆ గడియకు వాని హోదానే.
కప్తానుతోని కప్తాను,
బొగ్గు పోసెటోనితోని బొగ్గు పోసెటోడు.
మా తాత బక్కయ్య తోలు నానబెట్టె లంద కాడ
గంటలు గంటలు కూసోని
లంద వాసనతోనే లేచి ప్రార్థనకు పోయేటోడట.

నీళ్లు కనపడని ఊరికి పంపుండ్రి అని అడిగి
దేవరకొండ తాలూకకు వచ్చిండు.
కృష్ణ ఉన్నదని ఎవ్వరు చెప్పలే.
ఎండకాలం దాన్ని చూసి నవ్విండట,
మోకాలు తడవదు.

ఎందుకు దొరా అని తాత ఒక్కసారే అడిగిండు.
ఒక్క సాయంత్రం నలభై ముగ్గుర్ని నీళ్లకిచ్చిన, అన్నడు.
కిర్మిచ్ గుడ్డల కుట్టి, కాళ్లకాడ ఇనుపగుండు పెట్టి
పలక వంచుతె జారుడే.
ఆఖరి పిలగాని పేరు చదువబోతె
గాలి కాయితాన్ని గుంజుకపోయింది.
పేరు లేకుంటనే పోయిండు.
ఆనాడు పొద్దుగూకెదాక ఇద్దరు
తోలుకు సున్నం రాసుకుంటనే ఉన్నరు.

ఆయన పుస్తకం మా ఇంట్ల ఉన్నది.
ముందటి పేజీలల్ల ఇంగిలీషు పేర్లు,
పక్కన అక్షాంశం, రేఖాంశం, లోతు.
వెనకటి పేజీలల్ల వంకర తెలుగుల మావోళ్లు:
గత్తర ఏడు, ఎర్ర రాహేలు, తుమ్మచెట్టుకు ఎడమ, నాలుగడుగులు.
జాలె పోచయ్య బిడ్డ, పేరు పెట్టలే, బండ పక్క, రెండడుగులు.

ఆయన పోయినంక తాతనే తవ్విండు.
మూడడుగులకే రాయి. గడ్డపార వంగింది.
అండ్లనే పెట్టిండు, తప్పు చేసినోని లెక్క.

సాగర్ కట్టినప్పుడు ఊరు లేసింది.
దర్వాజలు, పెంకలు, మేకలు, గుడి గంట
బండ్లెక్కినయి.
దొర బొక్కలు తీస్కపోతరా అని గిర్దావరు అడిగిండు.
తాత చానసేపు మాట్లాడలే.
"ఆయనకు నీళ్లు కొత్తగాదు సారూ,
కాళ్లకాడ గుండొకటి పెట్టాల్సుండె."

నీళ్లు ఎక్కిన నాడు గుట్టమీద నిలబడి
దొర నోట విన్న మాటలు
తెలిసినకాడికి, తప్పులతోని చదివిండట.

పుస్తకంల దొర వరుస ఖాళీగనే ఉండె.
మొన్న నేను రాసిన:
పిచ్చయ్య దొర. తుమ్మచెట్టుకు తూర్పు. చెట్టు లేదు.
లోతు,
గేట్లెత్తిన ఏడు ఒకటి, ఎత్తని ఏడు ఒకటి.
పెన్సిలుతోని రాసిన.