రెండో గ్లాసు

పోయినసారి గౌను గుర్తు, ఈసారి స్టూలు.
కరపత్రాలు చంకలో ఇరికించుకుని
రొయ్యల చెరువు గట్టు దిగి
గుబ్బల వీరమాణిక్యం వాకిట్లో నిలబడ్డాను.
"రండి మెంబరుగారూ" అంది.
ఇదివరకు పేరు పెట్టి పిలిచేది.

వాళ్ళ గుమ్మం ముందు కుళాయి నేను వేయించిందే.
దిమ్మ మీద నా పేరు
సగం నాచు తినేసింది.
ఏమీ అనకుండా గ్లాసు తొలిచి
ఆ నీళ్ళే పట్టి ఇచ్చింది.

తాగాను.
చెరువులు తవ్వాక నేలలోకి దిగిన ఉప్పు
నాలుక మీద కూర్చుంది.
వాటిలో ఒకటి మా మరిదిది.
లీజు కాగితం మీద
సాక్షి సంతకం నాది.

గ్లాసు కింద పెట్టి, "మీ ఓటు..." అన్నాను.
"ఇంకో గ్లాసు పట్టమంటారా అండీ?"

ఆయ్, పట్టండి, అన్నాను.
వీధిలో ఇంకా యాభై మూడు గడపలు.