ముప్ఫై ఒకటో వరస

నేను మనుషుల్ని చూడను, వరసల్ని చూస్తాను.
పుంతా అరేనాస్‌లో గాలి వీధి దాటనివ్వని రోజుల్లో
కిటికీ బిగించుకుని కూర్చుంటే
ఎక్కడో ఉత్తరాన, వల్పరాయిసో కొండల మీంచి
నుబియా కిలొద్రాన్ అంకెలు పంపుతుంది:
చీలమండ దగ్గరి రక్తపోటు, దండచేతి దగ్గరిది,
మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది.
ఒకటికి దగ్గరైతే కాలు క్షేమం.
సున్నా పాయింట్ ఆరు అంటే
గుండె పంపిన కబురు
దారిలోనే అలిసిపోతోందని.

మూడేళ్లు కలిసి పనిచేశాం, ముఖాలు చూసుకోకుండా.
ఆమె నర్సు. పెన్నులాంటి డాప్లర్‌కి జెల్లు రాసి
మడమ పక్కన ఆనించి వింటుంది.
ఒకసారి ఫోన్లో నాకూ వినిపించింది:
బాగున్న ధమని మూడు మాటలు మాట్లాడుతుంది,
పూడుకుపోయింది ఒక్కటే, అదీ నసుగుతూ.

మా గొడవంతా మెట్ల గురించి.
నేను ట్రెడ్‌మిల్ అన్నాను.
గంటకు మూడు కిలోమీటర్లు, అందరికీ ఒకే వాలు.
"ఇక్కడ రొట్టె తెచ్చుకోడానికి ఎవరూ ట్రెడ్‌మిల్ ఎక్కరు, అరాంగిస్.
నూట అరవై రెండు మెట్లు ఎక్కుతారు."
ఏ మెట్టు దగ్గర ఇక నావల్ల కాదంటారో
అదే రాయిస్తానంది, రాయించింది.
మీటర్లలోకి మార్చుకుంటూ తిట్టుకున్నాను.

ముప్ఫై ఒకటో వరస దగ్గర ఆగిపోయాను.
సోమవారం నలభై. బుధవారం ముప్ఫై ఎనిమిది.
గురువారం నూట అరవై రెండు, అంటే మొత్తం.
శుక్రవారం మళ్లీ నలభై ఒకటి.
ఎనిమిది వారాలు, ఎనిమిది గురువారాలు.
పొరపాటు, తీసేద్దాం అని రాశాను.
"తీసేముందు ఒకసారి వచ్చి నడువు" అని జవాబు.

ఏప్రిల్లో వెళ్లాను.
ఆ వరస పేరు దోన్ లిందోర్. రేవులో గోతాలు మోసినవాడు,
ఒకప్పుడు కాలికి బలపం కట్టుకుని తిరిగినవాడు.
ఇప్పుడు గోడమీద బొమ్మ కనబడితే చాలు ఆగుతాడు,
కళంటే ప్రాణమైనట్టు.
నీలం చేప ముందు రెండు నిమిషాలు.
చెయ్యి పిక్క మీదికి పోకుండా జేబులో దాచుకుని
ఎవరూ చూడకుండా వెనక్కి దిగి
చిల్లర లెక్కపెట్టుకుని తాడుబండి ఎక్కుతాడు.
"నొప్పని చెప్పొచ్చుగా?" అన్నాను.
"బొమ్మ బాగుంది" అన్నాడు.

గురువారం చేపల బజారు.
కింద మలుపులో నలభై నాలుగో వరస కాచుకుని ఉంది:
దోన్ హెరిబెర్తో, పాత మంగలి,
ఎడమకాలు ఇతనికంటే అధ్వాన్నం.
ఒకడికి పట్టేస్తే రెండోవాడు ఏమీ అడగడు,
మెట్టు మీద చతికిలబడతాడు.
మానేసిన సిగరెట్లని ఇద్దరూ తనివితీరా తలుచుకుంటారు.
నొప్పి దిగాక లేస్తారు, మళ్లీ పట్టేదాకా.
మళ్లీ కూర్చుంటారు.
మేం కాగితాల మీద కాగితాలు రాసి
రోగులచేత చేయించలేకపోయిన వైద్యం
తడి సంచీ ఒకటి మధ్యలో పెట్టుకుని
వాళ్లే చేసేసుకుంటున్నారు.

నా పట్టికలో వాళ్ల మధ్య పన్నెండు మంది ఉన్నారు.
ఎవరితో నడిచారు అనే గడి
నేనసలు పెట్టనేలేదు.

ఆ రాత్రి నుబియా వంటింట్లో కూర్చుని పెట్టాం.
వ్యాసం మీద ఎవరి పేరు ముందన్నది తేలలేదు.
టీ చల్లారిపోయింది.
పదిహేడో వరస జనవరి నుంచి ఖాళీగా ఉందేమని అడిగాను.
మోకాలి కింద తీసేశారంది.
"ఆవిడ మెట్లు ఇంకా లెక్కపెడుతోంది,
కిటికీలోంచి, ఎక్కేవాళ్లవి.
వారంవారం నాకు చీటీ పంపుతుంది. నీకూ పంపనా?"

పంపమన్నాను.
వస్తున్నాయి.
ఏ గడిలో వెయ్యాలో ఇంకా తెలియదు.